మైక్రోపల్సర్: బ్యాక్టీరియా పనికి ఇంతకు మించిన మెషీన్ అక్కర్లేదు

ముందే చెప్పేస్తున్నా. మీ ల్యాబ్‌లో ఈ.కోలై, ఈస్ట్, అప్పుడప్పుడు అగ్రోబ్యాక్టీరియమ్ (మొక్కల్లోకి జన్యువులు ఎక్కించడానికి వాడే బ్యాక్టీరియా), ఇంతవరకే పని ఉంటే బయోర్యాడ్ వాళ్ల మైక్రోపల్సర్ అనే ఎలక్ట్రోపోరేటర్ని, అంటే కరెంటు షాక్‌తో కణాల్లోకి డీఎన్ఏ ఎక్కించే మెషీన్‌ని, కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. జంతు కణాల్లోకి డీఎన్ఏ ఎక్కించాలనుకుంటే మాత్రం దీని జోలికి వెళ్లొద్దు. ఎందుకో కింద చెప్తాను.

చూడ్డానికి చిన్న డబ్బా. బెంచి మీద ఓ మూలన సర్దుకుంటుంది. ప్రోగ్రామ్ ఎంచుకోవడం, కణాలు, డీఎన్ఏ పోసిన చల్లటి క్యువెట్ (లోపల రెండు పక్కలా అల్యూమినియం పలకలున్న చిన్న ప్లాస్టిక్ గిన్నె) తుడిచి ఛాంబర్‌లో పెట్టడం, బీప్ వచ్చేదాకా పల్స్ బటన్ నొక్కి పట్టుకోవడం, అంతే. ఈ.కోలైకి 0.1 సెంటీమీటర్ గ్యాప్ ఉన్న క్యువెట్ అయితే 1.8 కిలోవోల్టులు, 0.2 అయితే 2.5 కిలోవోల్టులు, ఇవన్నీ ముందే సెట్ చేసి ఉంటాయి. కొత్తగా చేరిన ఎంఎస్సీ ప్రాజెక్ట్ పిల్లలకి నేర్పడం చాలా తేలిక, రెసిస్టెన్స్ ఎంత పెట్టాలి, కెపాసిటర్ ఎంత పెట్టాలి అన్న టెన్షన్ వాళ్లకి ఉండదు.

కానీ లోపల ఏం జరుగుతుందో తెలిసి నొక్కడం వేరు, తెలియకుండా నొక్కడం వేరు. కాస్త లెక్క చూద్దాం. మిల్లీమీటర్ దూరంలో ఉన్న రెండు అల్యూమినియం పలకల మధ్య 1800 వోల్టులంటే సెంటీమీటరుకు 18 వేల వోల్టుల ఫీల్డ్. అందులో ఉన్న కణం చుట్టూ కొవ్వు పొర ఉంది, దాని మందం సుమారు 5 నానోమీటర్లు, అది కరెంటును పోనివ్వదు. అందుకని ఛార్జ్ అంతా కణానికి రెండు కొసల దగ్గర, పలకల వైపు ఉన్న రెండు ముఖాల మీద పేరుకుంటుంది. గుండ్రటి కణం అనుకుంటే ఆ కొసల దగ్గర పొర మీద పడే వోల్టేజి, ఫీల్డ్‌ని కణం వ్యాసార్ధంతో గుణించి దానికి ఒకటిన్నర రెట్లు కడితే వస్తుంది. అర మైక్రాన్ వ్యాసార్ధం ఉన్న బ్యాక్టీరియాకి ఇది 1.35 వోల్టులు. వినడానికి టార్చిలైట్ సెల్లు కంటే తక్కువే. కానీ అది పడుతున్నది 5 నానోమీటర్ల మీద. ఒక్క వోల్టు పడ్డా సెంటీమీటరుకు 20 లక్షల వోల్టుల లెక్క అవుతుంది, మామూలు గాలి అయితే సెంటీమీటరుకు 30 వేల దగ్గరే స్పార్క్ కొట్టేస్తుంది. ఆ ఒత్తిడికి కొవ్వు పొరలో నీళ్లు దూరి చిన్న చిన్న రంధ్రాలు పడతాయి, డీఎన్ఏ లోపలికి పోతుంది, ఫీల్డ్ తీసేశాక రంధ్రాలు మూసుకుంటాయి. మూసుకోకపోతే కణం పోతుంది. ఈ పనిలో ఎప్పుడూ కొన్ని కణాలు చస్తాయి, అది మెషీన్ లోపం కాదు.

ఈ లెక్కలోనే ఇంకో విషయం ఉంది. కణం ఎంత పెద్దదైతే అంత తక్కువ ఫీల్డ్ చాలు. 10 మైక్రాన్ల అడ్డుకొలత ఉన్న జంతు కణానికి సెంటీమీటరుకు ఒక వెయ్యి వోల్టులు సరిపోతాయి, ఎందుకంటే ఆ ఫీల్డ్‌కే పొర మీద 0.75 వోల్టులు పడుతుంది. అసలు ఈ పద్ధతిలో జన్యువుల్ని ఎక్కించడం 1982లో ఎబర్‌హార్డ్ నాయ్‌మన్ బృందం మొదలుపెట్టింది ఎలుక కణాల్లోనే. ఈ.కోలైలో ఇది అద్భుతంగా పనిచేస్తుందని 1988లో డవర్, మిల్లర్, రాగ్స్‌డేల్ చూపించారు, మైక్రోగ్రాము డీఎన్ఏకి వంద కోట్ల నుంచి వెయ్యి కోట్ల దాకా ట్రాన్స్‌ఫార్మెంట్లు, అంటే డీఎన్ఏ ఎక్కిన కణాలు. ఇప్పటికీ అందరం చేసేది దాదాపు అదే పద్ధతి.

ఈ మెషీన్‌లో నాకు బాగా నచ్చింది టైమ్ కాన్‌స్టంట్ చూపించడం. పల్స్ అయ్యాక, వోల్టేజి ఎంతసేపట్లో తగ్గిపోయిందో మిల్లీసెకన్లలో చెప్తుంది. 5కి దగ్గరగా ఉంటే కణాలు బాగా కడిగారని అర్థం. 4కి, ఇంకా కిందకి పడిపోతే మీ శాంపిల్‌లో ఉప్పు మిగిలిపోయింది, కరెంటు దానిలోంచి త్వరగా కారిపోతోంది. కాలనీలు ఎందుకు రాలేదని మర్నాడు ప్లేట్ పట్టుకుని ఆలోచించే బదులు ఆ అంకెని నోట్‌బుక్‌లో రాసుకోండి, సగం జవాబు అందులోనే ఉంటుంది. దయచేసి ప్రతిసారీ రాయండి, మా దగ్గర రాయని వాళ్లే ఎక్కువ.

ఉప్పు మరీ ఎక్కువైతే టప్ మని పేలుతుంది. క్యువెట్‌లో ఒక మెరుపు, డిస్‌ప్లే మీద ఆర్క్ అని వస్తుంది, తీసి చూస్తే కణాలు తెల్లగా ముద్దగట్టి ఉంటాయి. ఆ శాంపిల్ వదిలేసుకోవాల్సిందే. మొదటిసారి విన్నవాళ్లు మెషీన్ కాలిపోయిందని హడలిపోతారు, దానికేం కాదు. నూటికి తొంభైసార్లు తప్పు లైగేషన్ మిక్స్‌ది, అంటే డీఎన్ఏ ముక్కల్ని అతికించిన ద్రవానిది, అందులో ఉప్పు ఉంటుంది. లైగేషన్ బఫర్ అలాగే తీసుకెళ్లి 50 మైక్రోలీటర్ల కణాల్లో 5 మైక్రోలీటర్లు పోస్తే పేలక ఏం చేస్తుంది? ఒకటి, మహా అయితే రెండు మైక్రోలీటర్లు వేయండి. లేదా ఆల్కహాల్‌తో డీఎన్ఏని ప్రెసిపిటేట్ చేసి, కడిగి, నీళ్లలో కలుపుకోండి. చిన్న మెంబ్రేన్ ఫిల్టర్‌ని నీళ్ల మీద తేలేసి దాని మీద చుక్క పెట్టి అరగంట ఉంచినా ఉప్పు దిగిపోతుంది, నేను ఎక్కువగా చేసేది ఇదే. బుడగ ఉన్నా పేలుతుంది, కాబట్టి క్యువెట్‌ని బెంచి మీద మెల్లగా తట్టి చుక్క అడుగుకి దిగిందో లేదో వెలుతురులో చూడండి. బయట తడి ఉన్నా అంతే. ఐస్‌లోంచి తీసిన క్యువెట్‌కి మన ఎండాకాలంలో, అందులోనూ ఏసీ లేని గదిలో, తుడిచిన మరుక్షణమే మళ్లీ చెమట పడుతుంది. చేతిలో టిష్యూ పేపర్ ఉంచుకునే నిలబడాలి.

కాంపిటెంట్ సెల్స్ (డీఎన్ఏ ఎక్కించుకోవడానికి సిద్ధం చేసిన కణాలు) తయారుచేసేటప్పుడు చల్లటి నీళ్లతో, ఆపైన 10 శాతం గ్లిసరాల్‌తో కడుగుతాం కదా, అక్కడ తొందర పనికిరాదు. గ్లిసరాల్‌లో పెల్లెట్, అంటే అడుగున చేరిన కణాల ముద్ద, వదులుగా ఉంటుంది, వంపేస్తే సగం కణాలు సింకులోకి పోతాయి. పిపెట్‌తో పైన ఉన్నది నెమ్మదిగా లాగండి, కాస్త మిగిలినా ఫర్వాలేదు, మళ్లీ కడుగుతాం కాబట్టి.

తొందరపడాల్సింది పల్స్ తర్వాత. ఎస్ఓసీ మీడియం (కణాలు కోలుకోవడానికి పోసే పోషక ద్రవం) పక్కనే, పిపెట్‌లోకి తీసుకుని రెడీగా ఉండాలి. పల్స్ ఇచ్చాక ఒక్క నిమిషం ఆలస్యం చేస్తే ట్రాన్స్‌ఫార్మెంట్లు మూడో వంతుకి పడిపోతాయి, పది నిమిషాలైతే ఇరవయ్యో వంతు. వాళ్ల మాన్యువల్‌లోనే ఉంది, నా అనుభవమూ అదే. బీప్ వచ్చాక ఫోన్ చూసుకోవద్దు.

ఖర్చు సంగతి. మెషీన్ ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది, కదిలే భాగాలు పెద్దగా లేవు. ఖర్చంతా క్యువెట్‌ల మీదే. ఒక సప్లయర్ దగ్గర చవకగా వస్తున్నాయని ఓ పెట్టె తెప్పిస్తే కొన్నింటిలో పలకలు సమానంగా లేవు, ఒకే కణాలు, ఒకే డీఎన్ఏ, అయినా ఒకటి పేలడం ఇంకోటి పేలకపోవడం. ఫోన్ చేస్తే మీ శాంపిల్‌లోనే ఉప్పు ఉందన్నారు. అందుకే క్యువెట్ల దగ్గర పొదుపు వద్దంటాను. కడిగి మళ్లీ వాడటం అన్ని ల్యాబుల్లోనూ ఉన్నదే, మామూలు ప్లాస్మిడ్ (గుండ్రటి చిన్న డీఎన్ఏ) తిరిగి ఎక్కించడానికి అయితే సరే. లైబ్రరీ, అంటే వేల లక్షల రకాల డీఎన్ఏ ముక్కల కలెక్షన్, చేస్తున్నప్పుడు మాత్రం కొత్తవే వాడండి. పాత ప్లాస్మిడ్ పిసరంత మిగిలినా ప్లేట్ మీదకి వచ్చేస్తుంది, పల్స్ పడ్డ ప్రతిసారీ అల్యూమినియం కూడా కొంచెం కొంచెం తినేసుకుంటూ పోతుంది.

ఇంకో మాట, మీకు అసలు ఎలక్ట్రోపోరేటర్ అవసరమా అన్నది ఆలోచించండి. మినీప్రెప్ (కొద్దిపాటి కల్చర్ నుంచి ప్లాస్మిడ్ తీయడం) కోసం ఉన్న ప్లాస్మిడ్‌నే మళ్లీ ఎక్కించుకునే పని అయితే 42 డిగ్రీల వాటర్ బాత్‌లో హీట్ షాక్ ఇస్తే చాలు, పైసా ఖర్చు లేదు, పేలుడు లేదు. లైబ్రరీలు, బాగా పెద్ద ప్లాస్మిడ్‌లు, డీఎన్ఏ నానోగ్రాముల్లో మాత్రమే దొరికే పనులు, హీట్ షాక్‌కి లొంగని జాతులు, వీటికే దీని విలువ తెలుస్తుంది.

జంతు కణాలకి ఎందుకు వద్దన్నానంటే, వాటికి వోల్టేజి తక్కువ కావాలి, పల్స్ ఎక్కువసేపు కావాలి, అంటే పెద్ద కెపాసిటర్ ఉండాలి. మైక్రోపల్సర్‌ని బ్యాక్టీరియా, ఫంగస్‌ల కోసమే చేశారు. అదే కంపెనీ జీన్ పల్సర్ ఎక్స్‌సెల్‌లో మాడ్యూల్స్ కలుపుకుంటే రెండు రకాల పనీ అవుతుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే కొంటున్నారంటే దాని గురించి ఆలోచించండి, ఒక్క ల్యాబ్‌కి అయితే దండగ.

అసలు బడ్జెట్టే లేని డిగ్రీ కాలేజీల లెక్చరర్లు ఎలక్ట్రోపెన్ గురించి చదవండి. జార్జియా టెక్‌లో సాద్ భామ్లా బృందం 2020లో ప్రచురించింది. గ్యాస్ లైటర్‌లో టక్కున నొక్కితే స్పార్క్ ఇచ్చే పీజో ముక్క ఉంటుంది కదా, దాన్ని 3డీ ప్రింట్ చేసిన పిడిలో బిగించారు. బరువు 13 గ్రాములు, తయారీ ఖర్చు 23 అమెరికన్ సెంట్లు, ఇచ్చేది 2000 వోల్టుల పైనే, టైమ్ కాన్‌స్టంట్ 5 మిల్లీసెకన్లు. నేను చేతిలో పట్టుకుని వాడలేదు కాబట్టి మార్కులు వేయను, కానీ డిజైన్ అందరికీ అందుబాటులో పెట్టారు, పిల్లల చేత ప్రాక్టికల్ చేయించడానికి అలాంటిది కావాలి. క్యువెట్‌లు మాత్రం దానికీ కావాల్సిందే.