లక్నవరం, బొగత దారిలో లిఫ్ట్ చేసిన థార్: బసలు, హ్యాండ్‌బ్రేక్ మరమ్మతు

ములుగు జిల్లా చూడదలచినవారు వరంగల్‌లో మకాం పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. అక్కడినుంచి లక్నవరం చెరువు సుమారు 70 కిలోమీటర్లు, బొగత జలపాతం దాదాపు 140 కిలోమీటర్లు. రెండింటికీ 163వ నంబరు జాతీయ రహదారే ఆధారం. అయితే మాలాగా ఎత్తు పెంచి (లిఫ్ట్ చేసి), పెద్ద టైర్లు వేయించిన పాత డీజిల్ మహీంద్రా థార్ జీపు వంటి బండితో వచ్చేవారు గది కంటే ముందు బండి నిలిపే చోటును చూసుకోవాలి.

లక్నవరంలో బస మనసుకు హత్తుకునేది. కాకతీయుల కాలంనాటి ఆ చెరువులో, వేలాడే వంతెన దాటి ద్వీపం మీది పర్యాటక శాఖ హరిత కాటేజీలకు నడిచి వెళ్లాలి కనుక బండి రాత్రంతా ఒడ్డునే ఉండిపోతుంది. మాకు దొరికిన చోటు కాస్త వాలుగా ఉంది. హ్యాండ్‌బ్రేక్ లివరును చివరిదాకా లాగినా బండి వెనక్కి జారసాగింది. వెనుక చక్రాలకు పెద్ద రాళ్లు అడ్డం పెట్టి, ఫోర్ లోలో, అంటే నాలుగు చక్రాలకూ తక్కువ వేగంలో ఎక్కువ బలం అందే అమరికలో, మొదటి గేరు వేసి దిగాం. గేరుబాక్సు నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనుక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో ఉంటే ఏ గేరు వేసినా చక్రాలకు పట్టు ఉండదు; అప్పుడు బండిని ఆపవలసింది హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే.

మర్నాడు ములుగులో రోడ్డు పక్కన ఒక మెకానిక్ లివరు దగ్గరి నట్టు బిగించారు. బండి ఆగింది కానీ, కొద్ది దూరం వెళ్లేసరికి వెనుక బ్రేకు డ్రమ్ముల నుంచి కాలిన వాసన వచ్చింది. ఆయన వెంటనే నట్టు వదులు చేసి, లోపం కేబుల్ అమరికలో ఉందని, వరంగల్ వెళ్లి చూపించుకొమ్మని చెప్పి డబ్బు తీసుకోలేదు. ఈ యాత్రలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చే సేవ అదే.

వరంగల్ ఆటోనగర్‌లో అసలు కారణం తేలింది. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ఒక కొస ఛాసిస్‌కు (బండి చట్రానికి), మరో కొస వెనుక యాక్సిల్ (ఇరుసు) మీది బ్రేకులకు కట్టి ఉంటుంది. ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేస్తే యాక్సిల్ ఛాసిస్‌కు దూరం జరుగుతుంది, కేబుల్ పొడవు మాత్రం పెరగదు. గుంతల్లో చక్రం కిందికి వేలాడిన ప్రతిసారీ కేబుల్ లాగుకుపోయి, బ్రేకు షూలు డ్రమ్మును రాచుకుంటాయి. ఆ రాపిడి బయటపడకుండా ఉండాలని లిఫ్ట్ వేసినవారు నట్టు వదులు చేసి ఊరుకున్నారు. ఫలితంగా అరిగి నున్నబడిన లైనర్లు (బ్రేకు షూల మీది రాపిడి పట్టీలు), పట్టులేని లివరు మిగిలాయి. పైగా కంపెనీ ఇచ్చిన 235/70 ఆర్16 టైరు వ్యాసం సుమారు 29 అంగుళాలు. 31 అంగుళాల టైరు వేసినప్పుడు అదే వాలు మీద ఆపడానికి డ్రమ్ముకు దాదాపు ఏడు శాతం ఎక్కువ బలం కావాలి.

మేస్త్రీ ఇనుప పట్టీని వంచి వెల్డింగ్ చేసి, ఛాసిస్ మీద కేబుల్ పట్టి ఉంచే బ్రాకెట్‌ను కిందికి దింపారు. లైనర్లు మార్చి, డ్రమ్ములోని ఎర్రమట్టిని బ్రష్‌తో దులిపారు. మొదట డ్రమ్ములో షూల ఎడాన్ని సరిచేసే అడ్జస్టర్‌ను సరిచేసి, తర్వాతే కేబుల్ నట్టు ముట్టుకున్నారు. ఈ వరుస తప్పితే పని నిలవదు. ఛాసిస్ కింద జాకీ పెట్టి చక్రాలు వేలాడుతుండగా చేత్తో తిప్పించి చూపించారు, రెండూ సులువుగా తిరిగాయి. నేల మీద దించాక లివరు ఐదారు టక్కుల్లోనే గట్టిగా పట్టింది. పని జరుగుతున్నంతసేపూ దగ్గరే ఉండటం మంచిది, ఎందుకంటే ఈ పరీక్ష అడిగి చేయించుకోవలసినది.

ఆ రాత్రి హనుమకొండలోని హరిత కాకతీయలో దిగాం. లక్నవరం అందం అక్కడ లేదు, కానీ బండికి చదునైన చోటు దొరికింది.

తర్వాత ఏటూరునాగారం దాటి, గోదావరి మీది ముళ్లకట్ట వంతెన మీదుగా వాజేడు వైపు బొగతకు వెళ్లాం. దారిలో వాగు నీళ్లు డ్రమ్ముల్లోకి చేరితే కొంతసేపు పట్టు తగ్గుతుంది. నెమ్మదిగా నడుపుతూ కాలి బ్రేకును రెండుమూడు సార్లు మెల్లగా నొక్కి ఆరబెట్టిన తర్వాతే వాలు మీద హ్యాండ్‌బ్రేక్ పరీక్షించాం. లివరు అదే టక్కు దగ్గర నిలిచింది.