తుంటి ఎముక ఆపరేషన్ తర్వాత ఇంటికి తెప్పించుకున్న ‘ఇమ్యూనిటీ ప్యాకేజీ’: మా సమీక్ష

డెబ్బై దాటిన మా అత్తగారికి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ జరిగిన తరువాత, విజయవాడలోని ఒక హోమ్ కేర్ సంస్థ నుంచి ‘ఇమ్యూనిటీ ప్యాకేజీ’ అనే నెలవారీ సేవ తీసుకున్నాము. పగటిపూట ఒక కేర్‌టేకర్, రోజు విడిచి రోజు ఫిజియోథెరపిస్టు, వారానికొకసారి నర్సు, వీరితోపాటు ఒక ప్రోటీన్ పొడి డబ్బా, జింకు మాత్రలు అందులో ఉంటాయి. మనుషుల సేవ ఇచ్చిన డబ్బుకు తగినట్లే ఉంది. డబ్బా గురించి ఆ మాట చెప్పలేను.

వయసు మళ్ళేకొద్దీ ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి కుంచించుకుపోయి, క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టి-కణాలు కొత్తగా తయారవడం తగ్గుతుంది. దానికి ఎముక విరిగిన దెబ్బ, ఆపరేషన్ ఒత్తిడి తోడైతే శరీరం సూక్ష్మజీవులను ఎదుర్కోవడంలో మరింత వెనకబడుతుంది. అందుకే ఈ రోగులకు న్యుమోనియా, మూత్రనాళ ఇన్ఫెక్షన్, పడక పుండ్ల భయం ఎక్కువ. మాకు వచ్చిన కేర్‌టేకర్ ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకునే పనిచేసింది. చేతులు సబ్బుతో కడుక్కోకుండా అత్తగారిని తాకేది కాదు. భోజనం కుర్చీలో కూర్చోబెట్టే పెట్టేది. తిన్న తరువాత నోరు, కట్టుడు పళ్ళు శుభ్రం చేయించేది. మూడు బంతుల స్పైరోమీటరుతో ఊపిరి సాధన మానకుండా చూసేది. నోటిలోని క్రిములు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుందన్న సంగతి చదువుకున్న బంధువులకు కూడా ఈమె చెప్పేదాకా తెలియదు.

నర్సు చూపు ఇంకా గొప్పది. ఒకనాడు అత్తగారు పొంతన లేకుండా మాట్లాడుతుంటే మేము నిద్ర చాలలేదనుకున్నాము గాని, ఆమె మాత్రం పెద్దవయసులో ఇన్ఫెక్షన్ వచ్చినా జ్వరం రాకపోవచ్చని చెప్పి, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయించి మూత్ర పరీక్షకు పంపింది. ఇన్ఫెక్షనే తేలింది.

ఇక పొడి విషయం. జబ్బుపడిన వృద్ధులకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలని పోషకాహార నిపుణులు సూచిస్తారు. అంటే 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. చారన్నం, పచ్చడితో సరిపెట్టుకునే మా ఇంటి అలవాటుతో అది అందదు, నిజమే. కాని ఈ డబ్బా మీద ప్రోటీన్ కంటే చక్కెర అంకె పెద్దదిగా ఉంది, అత్తగారికేమో షుగరు. రోజూ గుడ్లు, పెరుగు, ముద్దపప్పు, చేప పెంచి ఆ లోటు చాలావరకు పూడ్చాము. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఇలా పెంచకూడదు. జింకు ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే ఒంట్లో రాగి (కాపర్) లోపం వస్తుంది. ఆ హెచ్చరిక కరపత్రంలో ఎక్కడా లేదు. ఫ్లూ, న్యుమోనియా టీకాల ప్రస్తావన కూడా లేదు, ప్యాకేజీ పేరు మాత్రం ఇమ్యూనిటీ!

ఒక ఆదివారం బదులుగా పంపిన మనిషి దగ్గుతూ, మాస్కు లేకుండా వచ్చింది. మార్చమని అడిగితే సాయంత్రం వరకు కదలిక లేదు. సేవ తీసుకునేవారు బదులు మనుషుల సంగతి ముందే తేల్చుకోవాలి. పొడి, మాత్రలు తీసేసి బిల్లు వేయమంటే వేస్తారు, కాని ఆ మాట వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.