ఆవుల లంకలో రెండు పొద్దులు

పారిస్‌లో సీన్ నది మధ్యనున్న ఇల్ సాన్ లూయీ బాగా చిన్న లంక. అంతా కలిపి 11 హెక్టార్లు, అంటే మన లెక్కలో 27 ఎకరాలు. నాలుగు వందల ఏళ్ల కిందట ఇక్కడ రెండు లంకలుండేవి. తూర్పు దాన్ని ఆవుల లంక అనేవారు. గోదావరి లంకల్లో పశువుల్ని మేపడం చూసిన మా అక్కకి ఆ పేరు తెగ నచ్చింది. 1614లో క్రిస్టోఫ్ మారీ అనే కాంట్రాక్టరు ఆ రెంటినీ కలిపి, ఇళ్ల స్థలాలుగా మార్చే పనికి ఒప్పుకున్నాడు. మధ్యలో ఉన్న కాలవని పూడ్చేశారు, ఇప్పుడది పుల్తియే వీధి అయింది.

వెళ్లేముందు ఒక మాట తెలిసి ఉండాలి. ఇక్కడి భవంతుల పేర్లకు ముందు ‘హోటెల్’ అని ఉంటుంది. అంటే బస దొరికే చోటని కాదు, పెద్ద దొరల సొంత భవంతి అని. చాలావాటిలోకి మామూలుగా రానివ్వరు. అక్క ముందు నిరాశపడింది. "లోపలికి పోనివ్వకపోతే ఇంత దూరం దేనికొచ్చామే?" అంది. నదివైపు కట్ట మీద నడవడం మొదలుపెట్టాక ఆ మాట మళ్లీ అనలేదు.

తూర్పు కొసన హోటెల్ లాంబేర్ ఉంది. 1640ల్లో లూయీ లె వో అనే వాస్తుశిల్పి కట్టాడు. ఒక పక్క గుండ్రటి కొస నదివైపుకి పొడుచుకొచ్చి, ఓడ ముందుభాగంలా కనిపిస్తుంది. ఆ గుండ్రటి గోడ వెనకున్న గ్యాలరీ కప్పు మీద చిత్రకారుడు ల బ్రన్ వేసిన బొమ్మలున్నాయి. 2013 జులైలో మరమ్మతులు జరుగుతుండగా మంటలు రేగి, స్నానాల గదిలో ల స్యూర్ అనే మరో చిత్రకారుడు వేసిన చిత్రాలు బాగా పాడయ్యాయి. మూడున్నర శతాబ్దాలకు పైగా నిలిచిన రంగులు ఒక్క రాత్రిలో పోయాయంటే నాకిప్పటికీ మనసొప్పదు.

ఆంజూ కట్ట మీద 17వ నంబరు హోటెల్ లోజన్. దాని బంగారు పూత బాల్కనీ, పొలుసుల చేపల్లా చేసిన వాననీటి గొట్టాలు చూసి తీరాలి. కవి బోద్లేర్ 1840ల్లో పై అంతస్తులో అద్దెకున్నాడు. పక్కనే ఉన్న పోన్ మారీ వంతెన మీద ఒకప్పుడు ఇళ్లుండేవి. 1658 వరదకి రెండు కమానులు, వాటిపై ఇళ్లు, మనుషులతో సహా కొట్టుకుపోయాయి. విగ్రహాల కోసం వదిలిన గూళ్లు ఇప్పటికీ ఖాళీయే.

బస సంగతికొస్తే, మొదటి రెండు రాత్రులు లంకలోనే ఉన్నాం. నాకు నచ్చలేదు. ఫొటోలో నది చూపించారు, మాకిచ్చిన గదికి ఎదురుగా గోడ. రెండు సూట్‌కేసులు తెరిస్తే నడవడానికి చోటు లేదు, లిఫ్టు దాకా చేరాలంటేనే కొన్ని మెట్లెక్కాలి. అక్క మోకాళ్లతో అదో టెన్షన్. మూడో రోజు వంతెన అవతల మారే పేటకి మారిపోయాం. అద్దె తక్కువ, గది పెద్దది, నడిస్తే పది నిమిషాల్లో లంక. లంక మీద మెట్రో స్టేషన్ లేదు. 7వ లైన్‌లో పోన్ మారీ దగ్గర దిగి వంతెన దాటాలి. మేం వెళ్లినప్పుడు టికెట్టు 2.50 యూరోలు. పెద్దవాళ్లతో వెళ్తే నీటి అంచునున్న కింది బాటకి దిగొద్దు, రాళ్లు ఎగుడుదిగుడు. పైబాట చాలు.

బెర్తియోన్ ఐస్‌క్రీం 1954 నుంచి ఇక్కడే. సోమ, మంగళవారాల్లో మూసేస్తారు. క్యూ పెద్దదే అయినా పళ్ల రకాల కోసం నిలబడొచ్చు. సాన్ లూయీ చర్చి బయట, దుకాణం బోర్డులా వీధిలోకి వేలాడే గడియారాన్ని మాత్రం తలెత్తి చూడండి. మధ్యాహ్నం నడివీధి కిటకిటలాడుతుంది, పొద్దున్నే ఎనిమిదింటికి కట్టలన్నీ మనవే.

చివరి పొద్దున బెత్యూన్ కట్ట, 36వ నంబరు. మారీ క్యూరీ 1912 నుంచి 1934 దాకా ఇక్కడే ఉందని గోడమీద పలక. అక్క ముప్ఫయ్యేళ్లు హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పింది. పలక మీద చెయ్యి ఆనించి, "రేడియం పాఠం చెప్పిన ప్రతిసారీ ఈమె పేరు బోర్డు మీద రాసేదాన్ని" అంది. తలుపు మూసే ఉంది. మేం చాలాసేపు అక్కడే నిలబడ్డాం.