పుయర్ టీ కోసం యున్నాన్: కొండ మీద చూడండి, కున్‌మింగ్‌లో కొనండి

పుయర్ అంటే చైనా నైరుతి మూల యున్నాన్ రాష్ట్రపు టీ; బిళ్లలుగా అచ్చువేసి ఏళ్లు దాచుకుంటారు. పేరు చూసి నేరుగా పుయర్ నగరంలో దిగితే నిరాశే. అది నిజానికి సీమావో; 2007లో పేరు మార్చారు. అసలు పాత పుయర్ పక్కనున్న నింగ్‌అర్. చుట్టుపక్కల కొండల టీ అక్కడి సంతకొచ్చేది కాబట్టి ఆ పేరొచ్చింది.

రైలు మాత్రం గొప్ప సౌకర్యం. 2021 డిసెంబరులో లావోస్ మార్గం తెరిచాక రాష్ట్ర రాజధాని కున్‌మింగ్ నుంచి టీ కొండలకి దగ్గరున్న జింగ్‌హోంగ్‌కి దాదాపు మూడున్నర గంటలు. టికెట్టు పాస్‌పోర్టు నంబరు మీదే ఇస్తారు. స్టేషను పేరు షీష్వాంగ్‌బన్నా అని ఉంటుంది. బసకి జింగ్‌హోంగ్ మేలు. చిన్న లాడ్జీల్లో కొన్ని విదేశీయులని చేర్చుకోకపోవచ్చు, బుక్ చేసేముందే అడగాలి. కొండ దారుల్లో తనిఖీలుంటాయి, పాస్‌పోర్టు జేబులోనే ఉంచుకోండి. ఫోన్‌లో అలీపేకి (అక్కడి చెల్లింపుల యాప్) కార్డు ముందే జోడించుకోవాలి.

జింగ్‌హోంగ్‌కి పడమరన మెంగ్‌హై మాగబెట్టిన పుయర్‌కి, అంటే షౌకి, పేరుమోసిన ఊరు. తడిపిన ఆకుని గుట్టపోసి, తిరగేస్తూ, నెలన్నర రెండు నెలలు మాగనిస్తారు. ఈ పద్ధతి 1970లలో రూపుదిద్దుకుంది. గుట్ట వేడి అదుపు తప్పితే ఆకు మాడి నల్లబడుతుంది, ఇక కాలం గడిచినా రుచి మెరుగవదు. ఈ షెడ్లలోకి బయటివాళ్లని సాధారణంగా రానివ్వరు, అందుకని దానికోసమే మెంగ్‌హైలో మకాం పెట్టడం దండగ.

పేరుమోసిన టీ పల్లె లావోబాన్‌జాంగ్‌ని నిస్సంకోచంగా వదిలేయవచ్చు. ధర ఆకాశంలో ఉంటుంది, బయటి ఆకు కూడా ఆ పేరుతోనే అమ్ముడవుతుంది.

సమయమంతా జింగ్‌మై కొండకివ్వండి. 2023లో యునెస్కో జాబితాకెక్కింది. అడవి నీడలో పెరిగిన పాత టీ చెట్లు, వాటి మధ్య వెంగ్‌జీ, నువోగాంగ్ పల్లెలు. చెక్క ఇళ్లల్లో బస, గోడలు పలచన, పక్కగది గురక కూడా వినిపిస్తుంది. శాకాహారులు 'వో చీ సూ' (నేను శాకాహారం తింటాను) అని చెప్పినా, పందికొవ్వు వేయొద్దని విడిగా చెప్పాలి. మార్చి చివరి నుంచి ఏప్రిల్ మధ్యదాకా వసంతపు ఆకు కోత. అప్పుడు గదులు దొరకవు. వానాకాలంలో దారులు జారుతాయి. సెప్టెంబరు, అక్టోబరు కోత చూడటానికి చాలు.

టీ బిళ్ల అచ్చు వేయడం చూపించమని అడగండి. 357 గ్రాములు తూచి, కొద్ది సెకన్లు ఆవిరి పట్టి, గుడ్డసంచీలో పోసి మెలిపెట్టి, రాతికింద అదుముతారు. బిళ్ల వెనక గుంట ఆ ముడి గుర్తే. ఏడు బిళ్లలు ఒక వెదురు పొత్తి, దాదాపు రెండున్నర కిలోలు.

కొనడం మాత్రం కున్‌మింగ్ టీ మార్కెట్లలోనే, పక్కపక్క దుకాణాల్లో పోల్చుకుని. రుచి చూసేటప్పుడు 100 మిల్లీలీటర్ల గైవాన్‌లో (మూత ఉన్న చైనా కప్పు) 7 గ్రాములు, మరిగే నీళ్లు, మొదటి నీళ్లు పారబోసి, తర్వాత పది సెకన్లకోసారి వంచాలి. పాలూ చక్కెరా అడగొద్దు! పచ్చి పుయర్, అంటే షెంగ్, గ్రీన్ టీలా ఘుమఘుమలాడితే అనుమానించండి: ఆకుని ఎక్కువ వేడిమీద వేయించారన్నమాట, ఏళ్లు దాచినా పెద్దగా మారదు. షౌలో చేపకంపు కొడితే గుట్టవాసన ఇంకా పోలేదు; ఒకటి రెండేళ్లు గాలాడనివ్వాలి. బూజువాసనైతే వద్దే వద్దు. తాగాక తడి ఆకు విప్పి చూడండి: మెత్తగా సాగాలి, బొగ్గులా పొడి కాకూడదు.

ఇంటికి తెచ్చాక 60–70 శాతం తేమ చాలు. విశాఖ, కాకినాడ వానల్లో అంతకు మించుతుంది, బూజు పడుతుంది. పోపువాసన సోకని అలమరలో, కాగితం చుట్టతోనే ఉంచండి, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. కత్తితో నరకొద్దు; అంచు నుంచి సన్నటి సూదితో పొరలుగా విప్పాలి.