పడి లేవడమా, పడకుండా నడవడమా: కొత్తది చేసేవాళ్లకు ఏది మేలు?

కొత్త వస్తువు తయారుచేసే ఏ టీమ్‌లోనైనా ఏదో ఒక రోజు ఈ గొడవ మొదలవుతుంది. "ఎలా ఉంటే అలా వదిలేద్దాం, జనం చేతిలో పడితే లోపాలు వాటంతట అవే బయటపడతాయి" అంటారు కొందరు. "పేరు ఒకసారి పోతే మళ్లీ రాదు, ఇంకో ఆరు నెలలు ఆగుదాం" అంటారు ఇంకొందరు. మొదటివాళ్లకు ‘పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదు’ తోడుంటుంది. రెండోవాళ్లకు ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ ఉంది. సామెతలు ఇద్దరి తరఫునా సాక్ష్యం చెబుతాయి కాబట్టి వాటితో ఏమీ తేలదు. మీటింగులో పెద్దగా నోరు విప్పని మూడో రకం కూడా ఒకటుంది: "ముందు ఎవరో ఒకరు చేసి దెబ్బ తిననీ, తర్వాత మనం దిగుదాం."

మూడింటిలో ఏది మేలన్నది మనస్తత్వాన్ని బట్టి తేలదనే నా అభిప్రాయం. ఒక తప్పుకు ఎంత ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఎవరి జేబులోంచి పోతుంది, బయటికి వదిలాక ఆ వస్తువు మీద మళ్లీ చెయ్యి వేసే వీలుందా అన్నవే తేలుస్తాయి. వైఫల్యాన్ని పండగలా చేసుకోమనే ఉపన్యాసాలు ఈ ప్రశ్నల జోలికి పోవు.

మొదటి దారికి నేను చూసినంతలో గట్టి సాక్ష్యం స్పేస్‌ఎక్స్ తొలి రాకెట్ ఫాల్కన్ 1. వరసగా మూడుసార్లు విఫలమైంది. 2006 మార్చిలో పసిఫిక్‌లోని ఒమెలెక్ అనే చిన్న దీవి నుంచి లేచింది. సముద్రపు గాలికి దెబ్బతిన్న ఒక నట్టు దగ్గర ఇంధనం కారి మంట అంటుకుంది. అర నిమిషంలో ఇంజిన్ ఆగిపోయింది. లోపల ఉన్న బుల్లి ఉపగ్రహం అదే దీవిలో కంపెనీ షెడ్డు పైకప్పు చీల్చుకుని పడింది. 2007 మార్చిలో రెండోసారి అంతరిక్షం దాకా వెళ్లింది కానీ, పై దశ (కింది భాగం విడిపోయాక పనిచేసే రాకెట్ పై భాగం) ట్యాంకులో ద్రవం అటూ ఇటూ కొట్టుకోవడంతో అదుపు తప్పింది.

మూడోది, 2008 ఆగస్టులో జరిగింది, కాస్త ఆగి చూడాల్సిన సంగతి. కింది దశ ఇంజిన్‌ని ఆపేశారు, రెండు దశలూ విడిపోయాయి. ఆపేసిన ఇంజిన్‌లో మిగిలిపోయిన కొద్దిపాటి థ్రస్ట్ (ముందుకు తోసే బలం)తో కింది దశ ముందుకు జరిగి, అప్పుడే విడిపోయిన పై దశను వెనక నుంచి గుద్దింది. అది కొత్త రకం ఇంజిన్. మరి నేల మీద అన్నిసార్లు మండించి చూసినప్పుడు ఈ సంగతి ఎందుకు తెలియలేదు? ఆ మిగులు పీడనం మన చుట్టూ ఉండే గాలి పీడనం కన్నా తక్కువ. నేల మీద గాలి దాన్ని కప్పేసింది. గాలి లేని చోటికి వెళ్లాకే అది కనపడింది. దీనికి చేసిన వైద్యం ఏమిటంటే, ఇంజిన్ ఆగడానికీ దశలు విడిపోవడానికీ మధ్య వ్యవధిని కొద్ది సెకన్లు పెంచడం! ఎనిమిది వారాల్లో, 2008 సెప్టెంబరు 28న, నాలుగో రాకెట్ కక్ష్యలోకి చేరింది.

నేల మీద ఇంకో రెండేళ్లు పరీక్షలు చేసినా ఆ లోపం దొరికి ఉండేదని చెప్పలేం. కొన్ని తప్పులు అసలు చోట జరిగితే తప్ప బయటపడవు. అంతమాత్రాన దీన్ని చూపించి "పడితే చాలు, అదే నేర్పుతుంది" అనడం అన్యాయం. మూడుసార్లూ కారణాలు వేరు. ఏం జరిగిందో చెప్పే కొలతలు ప్రతిసారీ చేతిలో ఉన్నాయి. ఒకే రాయికి మూడుసార్లు తట్టుకుని ఉంటే ఈ కథ ఎవరూ చెప్పుకునేవాళ్లు కాదు. పైగా నాలుగోదానికి డబ్బులు మిగలడం కూడా కథలో భాగమే. ఒక్క ప్రయోగానికి సరిపడా డబ్బున్న కంపెనీ మొదటి వైఫల్యం దగ్గరే చరిత్రలోంచి తప్పుకుంటుంది, దాని గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు.

ఇదే దారిని చాలా చవగ్గా నడిచినాయన జేమ్స్ డైసన్. సంచి లేని వాక్యూమ్ క్లీనర్ కోసం 5,127 నమూనాలు చేశాడు. ఒకసారికి ఒక్క మార్పే. దానివల్ల ఏది బాగుపడిందో, ఏది చెడిందో అనుమానం లేకుండా తెలిసేది. అన్ని నమూనాలు పాడైనా నష్టం వర్క్‌షాపు గుమ్మం దాటలేదు. తప్పు ఇంత చవకైన చోట మొదటి దారికి పోటీ లేదు.

ఇప్పుడు రెండో దారి. దీనికి పక్కపక్కన పెట్టి చూడదగ్గ జంట హబుల్, జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపులు.

హబుల్‌ని 1990 ఏప్రిల్‌లో పంపారు. మొదటి ఫొటోలు మసక మసకగా వచ్చాయి. 2.4 మీటర్ల అద్దాన్ని ఎంతో నున్నగా, అంతే ఖచ్చితంగా తప్పు ఆకారానికి అరగదీశారు. అంచు దగ్గర తేడా రెండు మైక్రాన్ల చిల్లర, వెంట్రుక మందంలో చిన్న ముక్క. అద్దాన్ని కొలిచే పరికరంలో ఒక లెన్స్‌ని 1.3 మిల్లీమీటర్ల తేడాతో బిగించడం దీనికి మూలం. నాకు ఒళ్లు మండేది ఆ తర్వాతి సంగతికి: వేరే సాదా పరికరాలతో కొలిచినప్పుడు తేడా ఉందని తెలిసింది. అవి అంత నమ్మదగ్గవి కావని పక్కన పెట్టేశారు. అంటే లోపం ముందే కేక వేసింది, వినేవాళ్లే లేరు. అదృష్టం ఏమిటంటే హబుల్ వ్యోమగాములు వెళ్లగలిగే ఎత్తులోనే తిరుగుతోంది. 1993 డిసెంబరులో షటిల్‌లో వెళ్లి, దిద్దుబాటు అద్దాలు అమర్చి వచ్చారు.

వెబ్‌కి ఆ అవకాశం లేదు. భూమికి దాదాపు 15 లక్షల కిలోమీటర్ల దూరం. టెన్నిస్ కోర్టంత ఎండ తెరను, అయిదు పొరలుగా, మడతపెట్టి పంపాలి. అది దారిలో తనంతట తానే విచ్చుకోవాలి. ఒక్కటి పనిచేయకపోయినా మొత్తం మిషన్ పోతుందనే చోట్లు 344 ఉన్నాయని ఇంజినీర్లు లెక్క తేల్చారు. మొదట 2007కే పంపేద్దాం అనుకున్నది చివరికి 2021 డిసెంబరు 25న వెళ్లింది. ఖర్చు వెయ్యి కోట్ల డాలర్ల వరకూ పెరిగింది. మధ్యలో 2018లో, ప్రయోగమప్పటి మోతను తట్టుకుంటుందా అని పరీక్షిస్తే, ఎండ తెర కవర్ల దగ్గర స్క్రూలు, వాషర్లు ఊడి కింద పడ్డాయి. అప్పుడు నవ్వనివాళ్లు లేరు. అవి ఊడాల్సిన చోటే ఊడాయంటాను నేను. ఆ స్క్రూ లక్షల కిలోమీటర్ల దూరంలో ఊడి ఉంటే ఏరుకోవడానికి ఎవరు వెళ్తారు?

అందుకే రెండో దారిని ‘వైఫల్యం లేని దారి’ అనుకోవడం పొరపాటు. ఇందులోనూ పడతారు, లెక్కలేనన్ని సార్లు పడతారు. కాకపోతే ఇంట్లోనే, తలుపులు వేసుకుని. ఇంకోటి, ఆ 344 చోట్ల జాబితా ఊరికే రాదు. ఏది, ఎప్పుడు, ఎలా చెడుతుందో కూర్చుని ఊహించాలి. ఊహ అనగానే మనకి కొత్త ఐడియాలే గుర్తొస్తాయి. చెడిపోవడాన్ని ఊహించగలిగేవాళ్లకి టీమ్‌లో ‘అపశకునం’ అన్న పేరే మిగులుతుంది, పాపం.

రెండో దారి ఎక్కడ దెబ్బతింటుందో ఇరిడియమ్‌ని చూస్తే తెలుస్తుంది. మోటరోలా అండతో, భూమ్మీద ఎక్కణ్నుంచైనా ఫోన్ మాట్లాడేలా 66 ఉపగ్రహాల వ్యవస్థ కట్టారు. ఇంజినీరింగ్‌లో వంక పెట్టడానికి లేదు. 1998 నవంబరులో సర్వీసు మొదలైంది, 1999 ఆగస్టులో దివాలా తీసింది. పోయింది సుమారు 500 కోట్ల డాలర్లు. హ్యాండ్‌సెట్ ధర మూడు వేల డాలర్ల దాకా ఉండేది, ఇటుకంత సైజు, పైగా భవనాల లోపల సిగ్నల్ అందదు. ఆలోచన పుట్టింది 1980ల చివర్లో. పూర్తయ్యేలోపు మామూలు సెల్‌ఫోన్ పెద్ద నగరాలన్నిటికీ పాకిపోయింది. ఏ బిజినెస్ ప్రయాణికుడి కోసం ఇదంతా కట్టారో, అతని జేబులో అప్పటికే చిన్న ఫోన్ ఉంది.

ఉపగ్రహాలు ఎలా తిరగాలో వందసార్లు పరీక్షించారు. ఈ ఫోన్ ఎవరు కొంటారు అన్నదే అసలు అనుమానం, దాన్ని కాలం గడిచేకొద్దీ మళ్లీ మళ్లీ తిరగదోడి చూసుకోవాల్సింది. కొసమెరుపు ఏమిటంటే, వ్యవస్థ పనికిరానిదేమీ కాదు. దివాలా తర్వాత 2.5 కోట్ల డాలర్లకి కొన్నవాళ్లు దాన్ని ఓడలకీ, విమానాలకీ, సైన్యానికీ అమ్మి నిలబెట్టారు.

వస్తువు కట్టకుండానే వస్తువు గురించిన తప్పులు పట్టుకోవచ్చా? పట్టుకోవచ్చని చూపినాయన జెఫ్ హాకిన్స్. 1993లో ఆయన కంపెనీ పామ్ ‘జూమర్’ అనే చేతి కంప్యూటర్ తయారీలో పాలుపంచుకుంది. అది విఫలమైంది. అదే ఏడాది వచ్చిన ఆపిల్ న్యూటన్ కూడా చేతిరాతని చదవలేక నవ్వులపాలైంది. తర్వాతి ప్రయత్నానికి ముందు హాకిన్స్ జేబులో పట్టేంత చెక్కముక్క కోసుకున్నాడు. ఒక పుల్లని పెన్నులా చెక్కుకున్నాడు. ఎవరైనా మీటింగ్ అడిగితే చెక్క తీసి, క్యాలెండర్ చూస్తున్నట్టు పుల్లతో నొక్కేవాడు. చుట్టుపక్కలవాళ్లు ఏమనుకున్నారో ఊహించుకోవచ్చు. కానీ ఏది నిజంగా అవసరమో, ఎన్ని నొక్కుళ్లు ఎక్కువవుతున్నాయో, జేబు ఎంత సైజు ఒప్పుకుంటుందో ఒక్క చిప్ కూడా కొనకుండానే తేలింది. చేతిరాత సంగతి కూడా తిరగేశారు. యంత్రం మన రాత నేర్చుకునే బదులు, మనమే యంత్రానికి అర్థమయ్యేలా సులువు చేసిన అక్షరాలు నేర్చుకోవాలి. 1996లో 299 డాలర్లకి వచ్చిన పామ్ పైలట్ బ్రహ్మాండంగా అమ్ముడైంది. న్యూటన్‌ని ఆపిల్ 1998లో మూసేసింది.

మొదటి దారా, రెండో దారా అని కొట్టుకునేవాళ్లు ముందు ఈ చెక్కముక్క పని చేశారో లేదో చూసుకోవాలంటాను. చాలా టీములు ఇది దాటేసి నేరుగా డబ్బు ఖర్చయ్యే దశకి దూకుతాయి.

ఖర్చు ఎవరిది అన్నది ఇంకా మిగిలే ఉంది. సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో పెరిగిన ‘ముందు వదులు, తర్వాత సరిచేయి’ అలవాటుని ఎక్కడ పడితే అక్కడికి తీసుకెళ్తే ఏమవుతుందో థెరానోస్ అనే రక్త పరీక్షల కంపెనీ చూపించింది. కొద్ది రక్తపు చుక్కలతో బోలెడు పరీక్షలు చేస్తామన్నారు. పరికరం సిద్ధం కాకుండానే మామూలు జనానికి ఫలితాలు ఇచ్చారు. చివరికి 2022లో వ్యవస్థాపకురాలు ఎలిజబెత్ హోమ్స్ పెట్టుబడిదారులను మోసం చేసినట్టు కోర్టు నిర్ధారించింది. యాప్‌లో బటన్ పనిచేయకపోతే వాడేవాడు విసుక్కుంటాడు. రక్త పరీక్ష తప్పయితే మందు మారిపోతుంది. అక్కడ "ఫెయిల్ అవుతూ నేర్చుకుంటున్నాం" అంటే ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టే.

దురుద్దేశం ఏమీ లేకపోయినా ఇదే లెక్క. కామెట్ ప్రపంచంలో మొట్టమొదటి జెట్ ప్రయాణికుల విమానం, 1952 మేలో సర్వీసు మొదలుపెట్టింది. 1954లో మూడు నెలల తేడాలో రెండు విమానాలు గాల్లోనే విచ్ఛిన్నమై 56 మంది చనిపోయారు. కారణం వెతకడానికి ఫార్న్‌బరోలో ఒక విమానాన్ని నీళ్ల ట్యాంకులో పెట్టి, క్యాబిన్‌లో పీడనం ఎక్కిస్తూ దించుతూ పోయారు. చివరికి లోహం అలసిపోయి చీలింది. అంత గట్టి పరీక్ష విమానం ఎగరకముందు జరిగి ఉంటే అనిపిస్తుంది. కానీ లోహపు అలసట గురించి ఆ రోజుల్లో తెలిసింది తక్కువ. కంపెనీ పరీక్షలు చేయకపోలేదు కూడా.

ఇక్కడే మూడో దారి వాళ్లు ముందుకొస్తారు: "చూశారా, 1958లో వచ్చిన బోయింగ్ 707 కదా మార్కెట్‌ని పట్టేసింది!" నిజమే, కామెట్ నేర్పిన పాఠం అందరికీ ఉచితంగా అందింది. కానీ బోయింగ్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1952లోనే సొంత డబ్బు 1.6 కోట్ల డాలర్లు పెట్టి నమూనా విమానం మొదలుపెట్టింది. కామెట్ దర్యాప్తు నడుస్తుండగానే, 1954 జులైలో అది ఎగిరింది. పక్కవాడి దెబ్బ నుంచి నేర్చుకోవాలంటే అప్పటికే మన చేతిలో సగం తయారైన పని ఉండాలి.

ఊరికే ఆగి చూసి దెబ్బతిన్న కథ ఫొటో ఫిల్మ్ కంపెనీ కొడాక్‌ది అంటారు. 1975లో అక్కడి ఇంజినీర్ స్టీవ్ సాసన్ డిజిటల్ కెమెరా చేశాడు, ఒక ఫొటోని క్యాసెట్ మీదకి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. కంపెనీ 2012లో దివాలా పిటిషన్ వేసింది. మధ్యలో కథ అందరూ చెప్పినంత సింపుల్ కాదు. 2005 ప్రాంతంలో అమెరికాలో డిజిటల్ కెమెరాల అమ్మకాల్లో కొడాక్ ముందు వరసలోనే ఉంది. కెమెరా చేయగలిగింది, ఫిల్మ్ ఇచ్చే లాభాన్ని మాత్రం దేనితోనూ పూడ్చుకోలేకపోయింది. అదే ఫిల్మ్ వ్యాపారంలో ఉన్న ఫూజీ, ఫిల్మ్ తయారీలో నేర్చిన రసాయన విద్యని టీవీ తెరల పొరలకీ, చర్మ సౌందర్య క్రీములకీ మళ్లించి బయటపడింది.

కాబట్టి మూడో దారిని నేను పెద్ద కంపెనీలకే సిఫారసు చేస్తాను. ఆలస్యంగా దిగి పట్టుకోవాలంటే డబ్బు, ఫ్యాక్టరీ, అమ్మకాల యంత్రాంగం ముందే ఉండాలి. నలుగురైదుగురు ఉన్న చిన్న జట్టు అలా వేచి చూస్తే, పాఠం బయటికొచ్చే రోజుకి దాన్ని వాడుకునే స్థోమత ఉన్నవాళ్లు వేరే ఉంటారు. చిన్న జట్టు వస్తువు మళ్లీ దిద్దుకోగలిగేదైతే, తప్పు వల్ల పోయేది తమ డబ్బే అయితే, తొందరగా చిన్నగా వదలమంటాను. ప్రాణాలతో, ఆరోగ్యంతో, లేదా చెయ్యి అందని చోటుతో ముడిపడి ఉంటే ఆర్నెల్లు కాదు, రెండేళ్లయినా ఆగమంటాను. ఆగడానికి సరిపడా డబ్బు లేకపోతే, ఆ వస్తువు ఆ జట్టు చేయాల్సింది కాదు.