ట్యాలీలో కాస్ట్ సెంటర్లు: ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ అనుభవం

లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ ట్యాలీని కొత్తగా పరిచయం చేయవలసిన పని లేదు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో పిల్లలకు సాయంకాలపు చదువు కేంద్రాలు, మహిళలకు కుట్టు శిక్షణ నడిపే మా సంస్థ దానిని ఏళ్ల తరబడి వాడుతోంది. ఈ సమీక్ష అందులోని కాస్ట్ సెంటర్ల గురించి, అంటే ప్రతి ఖర్చునూ ఏ పనికి ఎంత అని విడదీసి చూపే సౌకర్యం గురించి మాత్రమే. మా డబ్బు ఎటు పోతున్నదో మాకు తెలిసివచ్చింది ఆ ఒక్క సౌకర్యం వల్లనే.

అంతకుముందు జీతాలు, ప్రయాణాలు, అద్దె అని పద్దుల వారీగా రాసుకునేవాళ్లము. ప్రతి దాతకూ వారి డబ్బు ఎలా ఖర్చయిందో చూపుతూ ఇచ్చిన వినియోగ పత్రంలో లెక్క సరిపోయేది గాని, ఏడాది చివరికి ఊళ్లోవాళ్లు ఇచ్చిన సాధారణ విరాళాలు ఎలా కరిగిపోయాయో ఎవరికీ అంతుపట్టేది కాదు. కాస్ట్ సెంటర్లు పెట్టుకున్నాక, సమన్వయకర్త జీతం 18,000 రూపాయలు నమోదు చేయగానే అది ఏ పనికి ఎంత అని తెర అడుగుతుంది. చదువు కేంద్రాలకు 9,000, కుట్టు శిక్షణకు 6,000, కార్యాలయానికి 3,000 అని మొత్తం పంచి రాస్తేనే వోచర్, అంటే ఆ ఖర్చు నమోదు, ముందుకు సాగుతుంది. అద్దె, కరెంటు బిల్లు, ఆడిట్ ఫీజు, పెట్రోలు అన్నింటికీ ఇదే పద్ధతి.

ఆ సంవత్సరాంతపు నివేదిక మా కార్యవర్గాన్ని నిర్ఘాంతపరచింది. చదువు కేంద్రాలకు ఒక కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు ఇస్తోంది కాబట్టి అదే మాకు పెద్ద అండ అనుకునేవాళ్లము. ఆ నిధులు టీచర్ల జీతాలకు, పుస్తకాలకు మాత్రమే వచ్చేవి. పర్యవేక్షకుడి బండి పెట్రోలు, నెలవారీ సమావేశంలో టీచర్ల భోజనాలు, అకౌంటెంటు సమయం, అద్దెలో వాటా అన్నీ సాధారణ విరాళాల నుంచే పోతున్నాయని తేలింది. భారమనుకుని మూసేద్దామా అని చర్చిస్తున్న కుట్టు శిక్షణ మాత్రం ఫీజులతోనూ, స్కూలు యూనిఫారాల ఆర్డర్లతోనూ తన ఖర్చులో ఎక్కువ భాగం తానే రాబట్టుకుంటోంది.

ఆ నివేదిక పట్టుకుని కంపెనీ వారి దగ్గరికి వెళ్లాము. పాలనా ఖర్చు 5 శాతం దాటకూడదని వారు మొదట అన్నారు. అయితే 2021లో సవరించిన సీఎస్ఆర్ నిబంధనల ప్రకారం ఆ పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ వ్యవహారాల సాధారణ నిర్వహణకు పెట్టే ఖర్చుకు సంబంధించినది; ఒక ప్రాజెక్టు అమలుకు, పర్యవేక్షణకు నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. ఏ కేంద్రానికి ఎంత పెట్రోలు అయిందో కాగితం మీద కనిపించడంతో మాట సులువైంది. మరుసటి ఒప్పందంలో పర్యవేక్షకుడి జీతం, ప్రయాణ ఖర్చులు చేరాయి. అద్దె మాత్రం చేరలేదు.

ఇంత మెచ్చుకున్నా, పంచి రాసే మనిషికి తెలిసినంత మేరకే ఈ లెక్క నిజమని చెప్పక తప్పదు. ఏ ఖర్చును ఎలా పంచాలో తలలోనే పెట్టుకున్న మా అకౌంటెంటు మార్చికి ముందు వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు. తరువాత వచ్చినవారు ఖర్చులన్నీ కార్యాలయం కిందే రాసుకుంటూ పోవడంతో ఆడిటరు పట్టికకూ, కంపెనీకి ఇచ్చిన వినియోగ పత్రానికీ పొంతన కుదరలేదు. ఆ వోచర్లన్నీ సరిదిద్దేదాకా కంపెనీ నుంచి రావలసిన తరువాతి వాయిదా ఆగిపోయింది, జీతాలు ఆలస్యమయ్యాయి. అప్పుడు పంపక నియమాలను ఒక కాగితం మీద రాసి కార్యవర్గం చేత ఆమోదింపజేసి, ఇద్దరు క్షేత్ర కార్యకర్తలకు వోచర్లు రాయడం నేర్పించాము. వారిలో ఒకరు కుట్టు నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయి. "అక్కా, ఈ పెట్రోలు ఏ సెంటరుకు రాయమంటారు?" అని బిల్లు చేతికి రాగానే ఇప్పుడు ఆమే అడుగుతుంది. సాఫ్ట్‌వేర్ కన్నా నాకు ఎక్కువ ధైర్యమిచ్చింది ఈ మార్పే.

రెండు మూడు కార్యక్రమాలు, వేర్వేరు దాతలు ఉన్న మా వంటి సంస్థకు ఇది బాగా పనికివచ్చింది. ఒకే దాత, ఒకే ప్రాజెక్టు ఉన్నవారికి మామూలు పద్దులు చాలు, ఈ శ్రమ అనవసరం. మాకు విదేశీ విరాళాలు లేవు. ఉన్నవారికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ తరువాత పాలనా ఖర్చు పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది కాబట్టి, ఏది పాలనా ఖర్చు, ఏది కార్యక్రమపు ఖర్చు అన్న విభజనను ముందే తమ ఆడిటరుతో మాట్లాడి ఖాయం చేసుకోవాలి. ఎవరు మొదలుపెట్టినా ఆర్థిక సంవత్సరపు తొలి రోజైన ఏప్రిల్ 1 నుంచి మొదలుపెట్టడం మేలు. నడి సంవత్సరంలో పెట్టుకుంటే పాత వోచర్లన్నీ మళ్లీ తెరిచి పంచవలసి వస్తుంది.