ఆరేళ్ల గజ్జెలు: తోలు పట్టీయా, నూలు తాడా?

మా పాప ఎనిమిదో ఏట కూచిపూడిలో చేరింది. రెండేళ్లు గజ్జెల్లేకుండా వట్టి కాళ్లతోనే అడుగులు వేయించారు టీచరు. ఉండబట్టలేక అడిగాను. "మడమ సరిగ్గా పడనీండమ్మా. తప్పు అడుగేస్తే గజ్జె ఊరంతా టముకేస్తుంది" అన్నారు.

తొలిసారి గజ్జెలు కట్టే గజ్జె పూజకి మొదటి జత చెన్నైలో, మైలాపూర్‌లో కొన్నాం. నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. తోలు పట్టీ మీద కుట్టిన ఇత్తడి మువ్వలు. చిన్నపిల్లకి కాలికి 50 చాలని షాపాయన చెబుతూనే ఉన్నాడు. వంద అయితే నిండుగా ఉంటుందని నేనే పట్టుబట్టాను. ఇంటికొచ్చి కూరగాయల కాటాలో పెడితే ఒక్కోటి కిలోంపావు! వారానికే పిక్కలు పట్టేశాయి. టీచరు చూసి, కుట్లు విప్పించి సగం వరసలు తీయించేశారు.

తోలు పట్టీతో సుఖం ఒక్కటే. బకిల్ పెట్టుకుంటే రెండు నిమిషాల్లో రెడీ. కానీ మన ఎండలకి చెమట పట్టి లోపలి కుట్లు చివుకుతాయి. కార్తీక మాసం వానల్లో బూజు సరేసరి. రెండో ఏడు టౌన్‌హాల్ ప్రోగ్రాంలో జతి మధ్యలో ఒక మువ్వ ఊడి దొర్లింది. పాప దాని మీదే అడుగేసింది. బొటనవేలి కింద కమిలి నల్లబడింది. అయినా మొహంలో నవ్వు చెదరనివ్వలేదు, మొండిది. అందుకే కొనేటప్పుడు పట్టీ తిరగేసి కుట్లు చూడండి. మువ్వలు ఎన్నున్నాయన్నది తర్వాత.

ఆ తర్వాత నాలుగేళ్లుగా నూలు తాడే. ఒక్కో మువ్వ ఎక్కించి, పక్కనే ముడి వేసుకుంటూ పోవాలి. ఒకటి ఊడినా మిగతావి జారవు. కట్టడానికి పది నిమిషాలు పడుతుంది, మొదట్లో నేనే కట్టేదాన్ని. వదులైతే మడమ మీదికి జారుతుంది, బిగిస్తే ఒరుసుకుంటుంది. పాత సాక్సు పాదం కత్తిరించేసి, పైభాగం తొడిగి దాని మీద కడుతున్నాం. తరంగంలో, అంటే పళ్లెం మీద నిలబడి ఆడే అంశంలో, పళ్లెం అంచున నిలబడేటప్పుడు తోలు పట్టీ కంటే ఇదే కాలిని పట్టుకుని ఉంటుందంటుంది తను.

మువ్వని చెవి దగ్గర ఆడించి చూడండి, పగులుంటే బొంగురుగా పలుకుతుంది. నోటి అంచు మీద పాత చీర కొంగు లాగండి. దారం పట్టుకుందంటే కాలినీ గీరుతుంది.

చిలుము పడితే తాడు విప్పి, మువ్వల్ని చింతపండుతో తోమి ఎండలో ఆరబెడతాను. తోలు పట్టీకి తడి తగలనివ్వకూడదు, పొడి బ్రష్షే. ఏ జతైనా గుడ్డసంచీలో పెట్టండి, ప్లాస్టిక్ కవరులో చెమట ఆరదు.

అన్నట్టు, నూలు జతకి మువ్వలు కొననే లేదు. అప్పుడు విప్పించినవే ఎక్కించాం. తాడు ఖర్చే అయింది.